డ్రోన్ దిగిన చోటు

పెళ్లి ఫొటోల జంట వెళ్లిపోయాక, గొల్లపల్లి రిజర్వాయర్ గట్టున నిలబడి శివకృష్ణ డ్రోన్‌ను వెనక్కి రప్పిస్తున్నాడు. మసక చీకటి పడింది. దుమ్ము రెక్కల్లోకి పోకుండా దాన్ని ఎప్పుడూ చెల్లెలు లక్ష్మీప్రియే చేత్తో అందుకుంటుంది.

ఈసారి అది నడి నీళ్ల మీదే కిందికి దిగింది. ఎవరో అరచేతిలో పట్టుకున్నట్టు, నీటికి జానెడు పైన నిలిచింది. రెక్కల మోత ఆగిపోయింది. అయినా నీళ్లలో పడలేదు.

"యాడుండాదన్నా?"

"ఆడనే. ల్యాండయిందని సూపిస్తాండాది."

డ్రోన్ కెమెరా చూపే ఫోన్ తెర మీద గట్టున నిలబడిన తామిద్దరూ చిన్నగా కనిపిస్తున్నారు. కాసేపటికి ఇంకొంచెం పెద్దగా.

"మోటార్లు ఆగిపోయినాయి గదన్నా, మరెట్ల వస్తాండాది?"

నీళ్లలో అలికిడి లేదు. తెర నిండా ఇప్పుడు చెల్లెలి ముఖమే ఉంది.

అలవాటు కొద్దీ లక్ష్మీప్రియ చేయి చాచింది.