దిగిరాని కప్ప

ఆ తల్లికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తన ఆరేళ్ల కూతురు మాట పూర్తిచేసేదాకా లోకంలో ఎవరూ ఆగరని.

పాపకు నత్తి.

"సెలవులయ్యాక క్లాసులో పాఠం చదివి వినిపించాలి. లేదంటే వేరే బడి చూసుకోండి" అంది టీచరు.

సెలవులు ఇరవై రోజులు.

డాక్టరమ్మ కంప్యూటర్లో చేయించే అభ్యాసం ఒకటి రాసిచ్చింది. పాప మాటను మెల్లగా సాగదీసి పలికితే, స్క్రీను మీద కప్ప గెంతుతుందట.

పాప నాన్న తన ఆఫీసులో మూలన పడేసిన కంప్యూటరు మోసుకొచ్చాడు.

స్క్రీను మీద అన్నీ వచ్చాయి. కప్ప రాలేదు.

'ప్లగిన్ డౌన్‌లోడ్ కాలేదు. సహాయానికి ఫోన్ చేయండి' అని ఒక డబ్బా, దాని కింద ఓ నంబరు.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి ఆమె. ఆ డబ్బా కనపడితే చాలు, తనే ఏదో చెడగొట్టిందనుకుని కంప్యూటరు ఆపేసేది.

రెండు రోజులు చూసి, ఫోన్ చేసింది.

అవతల ఎత్తారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఓ పెద్దాయన గొంతు.

"చెప్పండమ్మా."

గడగడా చెప్పేసింది.

మళ్లీ మౌనం.

"స్క్రీను కింద, మూలన, తేదీ ఎంతుంది?"

"తేదీ తెలీకనా మీకు ఫోన్ చేశాను?"

"ఒక్కసారి చూడండమ్మా."

చూసింది. పన్నెండేళ్ల కిందటి తేదీ.

"లోపల బ్యాటరీ అయిపోయుంటుంది. తేదీ తప్పితే కంప్యూటరు ఎవర్నీ నమ్మదు. వచ్చినదాన్ని గుమ్మంలోంచే పంపేస్తుంది."

"మా అత్తగారి టైపు."

ఆయన నవ్వాడు. ఆమె తేదీ సరిచేసింది. మళ్లీ అదే డబ్బా.

"పాత సిస్టమ్ కదమ్మా, కొత్త ప్లగిన్, అదే, కప్పని ఆడించే ముక్క, దానికి పట్టదు. పాతది వెతికి పెడతాను. రేపు చేయండి."

మర్నాడు చేసింది. అది నెట్‌లో ఎక్కడ దొరుకుతుందో ఆ అడ్రసు ఒక్కో అక్షరమే చెప్పసాగాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక యుగం గడుస్తోంది.

"అబ్బా, నాన్చకండి. జీతం తీసుకుని చేసే పని ఇదేనా? మీకన్నా మా పాప నయం."

"పాపకోసమా ఇది?"

"మరి నేను గెంతించుకుంటానా కప్పని? దానికి నత్తి. బడిలోంచి తీసేస్తామంటున్నారు."

ఈసారి మౌనం ఇంకా పొడుగ్గా సాగింది.

"ఫోను పాపకివ్వండి. మీరు మీ పని చూసుకోండమ్మా."

కొత్తవాళ్లెదుట నోరు విప్పని పిల్ల. ఏడుస్తుందేమోనని భయపడుతూనే ఇచ్చింది. గిన్నెలు తోముతోందే గానీ చెవులు రెండూ ఇటే.

ఏడుపు లేదు. మధ్యమధ్య కిలకిల నవ్వు.

అరగంటకు చేతులు తుడుచుకుంటూ వస్తే, స్క్రీను మీద పచ్చ గీత నిండుతోంది. నిండింది. కప్ప వచ్చి కూర్చుంది.

"థాంక్స్ చెప్పావా?"

"ఫో... ఫోను పెట్టేశాడు."

మిగిలిన సెలవులన్నీ కప్ప గెంతుతూనే ఉంది.

బడి తెరిచారు. పాప పాఠం చదివింది. మూడుచోట్ల ఆగింది, చివరిదాకా చదివింది.

"ఉండనివ్వండి ఇక్కడే" అంది టీచరు.

ఆ వారమే బ్యాటరీ మార్చడానికి రిపేరతను వచ్చాడు.

"ఈ పాత ప్లగిన్ ఎక్కడ పట్టారక్కా? ఆ కంపెనీ మూతపడి ఆరేళ్లయింది."

"హెల్ప్‌లైనాయన పెట్టాడు."

"లేని కంపెనీకి హెల్ప్‌లైనా?"

నమ్మక, ఆ ప్లగిన్ ఫైళ్లలో వెతికి చూశాడు. తయారుచేసిన మనిషి పేరు ఒక్కటే ఉంది. పక్కనే ఇంటి ఫోన్ నంబరు.

ఆమె ఫోన్ చేసిన నంబరే.

"కంపెనీ మొత్తం ఈయనొక్కడే అక్కా. ఇంట్లో కూర్చుని చేశాడు."

జీతం మాట గుర్తొచ్చి ఆమె తల దించుకుంది. అతను వెళ్లగానే ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

మర్నాడూ అంతే. వారం రోజులుగా అంతే. ఆయన ఇల్లెక్కడో తెలీదు.

"ఆ రోజు ఫోన్లో తాతయ్య నీతో ఏం మాట్లాడాడే?" అని కూతుర్ని అడిగింది.

"పోటీ పెట్టుకున్నాం. తాతయ్య అక్షరం చెప్తే, నేను తిరిగి చెప్పి నొక్కాలి. ఎవరు ఎక్కువసార్లు ఆ... ఆగితే వాళ్లు ఓడినట్టు."

"ఎవరు ఓడారు?"

"నేను నాలుగుసార్లు ఆగాను. తాతయ్య పదకొండు. తాతయ్యకూ నత్తేగా, నీకు చె... చెప్పలేదా?"

మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దాయన ఎవరైనా వారం రోజులుగా బయట కనపడకపోతే, దయచేసి వెళ్లి తలుపు తట్టండి. తీశాక, ఆయన మొదటి మాట బయటికొచ్చేదాకా కాస్త ఆగండి.