బాటసారి చదివాడా?

“సదివినాడేటి?” అన్నాడు గురువులు, మంచం మీద నుంచి తల కూడా తిప్పకుండా.

మహేశ్వరి ఇంకా చెప్పులు విడవనేలేదు. ఉక్కునగరం నుంచి రెండు బస్సులు మారి, చేపల రేవు వెనక వీధిలోని పుట్టింటికి అప్పుడే వచ్చింది. చేతిసంచి తల్లి గంగాలమ్మకిచ్చి ఫోను తీసింది.

“సదివినాడయ్యా. ‘చదివాను. మీ నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది?’ అని రాసినాడు.”

“తగ్గిందని రాయి,” అన్నాడు తండ్రి.

మోకాలి నొప్పి గురించి ఎప్పుడు రాసిందో మహేశ్వరికే గుర్తులేదు. బాటసారికి గుర్తుంది. చదవడమంటే అదీ అనుకుంది.

ఆమె బ్లాగు మొదలుపెట్టింది డిగ్రీ చదివే రోజుల్లో. తండ్రి నోట విన్న గాలుల కబుర్లు, చేపల కబుర్లు రాసేది. టపా పెట్టిన గంటకి ఇరవై వ్యాఖ్యలు. తర్వాత ఫేస్‌బుక్కు వచ్చింది, రీల్సు వచ్చాయి. అహా ఓహో అన్నవాళ్లంతా ఒక్కొక్కరే జారుకున్నారు. వెళ్లొస్తామని చెప్పిన పాపాన పోలేదు. ఆరేళ్లు ఈగలు తోలుకుంది. ఇక మానేద్దామనుకుంటుంటే రెండేళ్ల కిందట ‘బాటసారి’ అనే పేరుతో ఒకాయన వచ్చాడు. ప్రతి టపా కిందా రెండు ముక్కలు రాసి పోయేవాడు. పొగడ్త ఉండేది కాదు. ఎవరో రిటైరైన ప్రొఫెసరు అయ్యుంటాడని ఆమె తీర్మానించేసుకుంది. ఆ ఒక్కడి కోసం తెల్లారకముందే లేచి, మొగుడికి క్యారేజీ కట్టేలోపు నాలుగు పేరాలు రాసేది.

తండ్రి ఆమెకంటే ఆత్రపడేవాడు. ఫోను పట్టుకోవడం రాదు, అక్షరమ్ముక్క రాదు. అయినా ఆమె వచ్చినప్పుడల్లా అదే అడిగేవాడు, బాటసారి చదివాడా అని. “దచ్చినం గాలి తిరిగితే వల ఎయ్యకూడదని రాయి” అని పట్టుబట్టి రాయించేవాడు. తన రాతంటే తండ్రికి అంత ఇదని ఆమె మురిసిపోయేది.

తమ్ముడు దుర్గారావుది వేరే దారి. చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తుందని తండ్రి వద్దన్న రింగు వల పడవే ఎక్కి, మాటా మాటా అనుకుని, పెళ్లాంబిడ్డలతో జాలారిపేటలో వేరు కాపురం పెట్టాడు. రెండేళ్లుగా తండ్రీకొడుకులకి మాటల్లేవు. మొన్న పూర్ణా మార్కెట్లో కనబడి, “బ్లాగులు ఎవుడు సదువుతాడక్కా? రీలు సెయ్యి, లచ్చమంది సూత్తారు” అని నవ్వాడు. వాడికేం తెలుసు చదువరి విలువ!

“ఇయ్యాల మన బండ ఆనవాలు సెప్తాను. రాసుకో,” అన్నాడు గురువులు.

వంటింట్లోంచి గంగాలమ్మ గరిటతో సహా వచ్చింది. “ఓలమ్మో! కొడుక్కి సెప్పుకునే మాట పెళ్లైన ఆడపిల్లకి సెప్తాడేటీ మనిషి?”

ఆమె అన్నదీ నిజమే. సముద్రం అడుగున వాళ్లకో బండ ఉంది. చేపలు దాని చుట్టూ మూగుతాయి. నాలుగు తరాలుగా ఆ ఇంటి కూడు అక్కడిదే. పడవలోంచి చూస్తే ఒడ్డున ఏ కొండ అంచు ఏ గుడి గోపురానికి తగలాలో, అదీ ఆనవాలు. ముసలాడు దాన్ని కొడుక్కి పడవలోనే, చెవిలో చెప్పిపోవాలి.

“నువ్వూరుకో,” అన్నాడు గురువులు. “రాయే గుంటా. నీ సొగసులేటీ కలపకు. నాను సెప్పింది సెప్పినట్టు ఎట్టు.”

“లోకం సూడదా అయ్యా?”

“లోకమెక్కడిది? సదివేది ఒక్కడే కదా.”

మహేశ్వరి చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. కొడుక్కి ఇవ్వనిది తండ్రి తనకిచ్చాడు. తిరుగు బస్సులో ఎవరేమనుకుంటారోనన్న సిగ్గు కూడా లేకుండా కళ్లు తుడుచుకుంది.

టపా పెట్టింది. చూసినవాళ్లు ఒక్కరు అని అంకె పడింది. వ్యాఖ్య మాత్రం రాలేదు. మూడు రోజులైంది, వారమైంది. మొదట బెంగపడింది. తర్వాత భయపడింది. ఇంతకీ ఎవరా బాటసారి? ముఖం చూసిందా, ఊరు తెలుసా?

పదో రోజు, రేవులో చేపలమ్మే నూకాలు ఫోను చేసింది.

“మహేశ్వరమ్మా, మీ అయ్య బండ కాడ ఎవుడో గేలాలేసినాడంట. పడవ నిండా వంజరాలేనంట!”

మహేశ్వరి అప్పటికప్పుడు బస్సెక్కింది. నాలుగు తరాల కూటిని, ఒక్క పాఠకుడి మోజులో పడి, ఊరూ పేరూ లేనివాడి పాలు చేసింది. రెండు బస్సుల దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

పుట్టింటి గుమ్మంలో దుర్గారావు చెప్పులున్నాయి. కబురు వీడికీ అందిందన్నమాట. లోపల గంగాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. దుర్గారావు మంచం పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. ముసలాడి చెయ్యి వాడి భుజం మీద ఉంది.

మహేశ్వరి తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది.

“తప్పు నాదేనయ్యా. ఆ బాటసారి దొంగెదవ. మంచోడని నమ్మి రాసినాను.”

దుర్గారావు తల దించుకున్నాడు. గురువులు మాత్రం నవ్వాడు. రెండేళ్లలో ఆయన నవ్వగా ఆమె చూడలేదు.

“ఏడవకే గుంటా. బండ ఎక్కడికీ పోలేదు.”

“నన్ను నమ్మి నాకు సెప్పినావు కదయ్యా ఆనవాలు...”

“నీకెందుకే ఆనవాలు? నువ్వు ఏటకెల్తావేటి?”

ఆమె చేతిలో ఫోను వైపు చూసుకుంది.

“ఇంక ఒక్క ముక్క రాయను. మూసేత్తాను,” అంది.

“మూసెయ్,” అన్నాడు గురువులు, కొడుకు తల నిమురుతూ.

“సదివేవోడు ఇంటికొచ్చేసినాడు కదా.”