ఎడమ వైపు బరబర

"ఎడమ వైపు బరబరమంటోంది. రేకు మీద గీకినట్టుంది. దీన్ని నువ్వు హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ అంటావు!" బావ అరిచాడు.

టంకం మూడోసారి కరిగించి పెట్టాను. ఎడమ వైపు ట్రాన్సిస్టర్లన్నీ మార్చాను. మీటరు రెండు వైపులా ఒకేలా చూపిస్తోంది.

"నాకు బాగానే వినిపిస్తోంది బావా."

"నీకు వినిపిస్తే ఎవడిక్కావాలి? ఇరవై ఏళ్లుగా స్టూడియోలో పాటలు మిక్సింగ్ చేస్తున్నవాణ్ని నేను. మైకులు అద్దెకిచ్చేవాడివి నువ్వు! బుద్ధి గడ్డి తిని నీకు పని చెప్పాను."

నాకు ఒళ్లు మండింది. హెడ్‌ఫోన్ ఆయన తల మీంచి లాగి, అటుదిటు తిప్పి మళ్లీ తగిలించాను. ఎడమది ఎడమ చెవికే ఉండాలన్నది స్టూడియోలో ఆయన చట్టం. తప్పినవాణ్ని బయటికి గెంటేవాడు.

"మొద్దూ! తిరగేసి పెట్టావు."

"తెలుసు. ఇప్పుడు బరబర ఎటుంది?"

"ఎడమ వైపే! ఇందాకట్నుంచీ అదేగా..."

మాట సగంలో ఆగిపోయింది. తప్పు యాంప్లిఫయర్‌దైతే బరబర కుడి చెవికి మారాలి. మారలేదు. ఆ చెవుల మీదే ఆయన ఉద్యోగం నిలబడి ఉంది.

ఇన్నేళ్లూ పడ్డ తిట్లకు జవాబు నా నాలుక చివరికొచ్చింది.

అక్క తలుపు తోసుకుని వచ్చింది. "ఏమిటా కేకలు? ఏం చెడగొట్టావురా?"

బావ రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నాడు.

"టంకం సరిగ్గా పడలేదక్కా."

"ఎప్పుడు బాగుపడతావో!" అంటూ వెళ్లిపోయింది.

"నీ జాలి నాకక్కర్లేదు" అన్నాడు బావ, పళ్లు నూరుతూ.

"జాలి కాదు. రేపు చెవుల డాక్టరు దగ్గరికి పదండి. రాకపోతే అక్కకి చెప్పేస్తాను" అన్నాను, గొంతు బాగా తగ్గించి.

"ఏమన్నావు?"

అడుగుతూ, మొదటిసారి కుడి చెవి నా వైపు తిప్పాడు.