తొంభై లోపు

"టీ వద్దన్నానుగా. అవతల పెట్టండి."

"చక్కెర లేకుండానే చేయించాను సార్."

"పాలున్నాయిగా."

పాత కాగితాల గోదాం యజమాని ఆ కప్పు తీసుకుని తనే గటగటా తాగేశాడు. తాగుతూ తూనికల ఇన్‌స్పెక్టర్‌ని ఎగాదిగా చూశాడు. "తినరు, తాగరు, పుచ్చుకోరు. మీలాంటివాళ్ళతో వేగడం మహా కష్టం సార్. మీ పస్తుల కోపమంతా మా కాటాల మీద పడుతుంది."

ఇన్‌స్పెక్టర్ పది కిలోల రాయిని, పదోదాన్ని, ఆయాసపడుతూ కాటా బల్ల మీద పెట్టాడు. అంకె చూశాడు. పుస్తకంలో రాసుకున్నాడు. అతని ముఖం చూసి ఎవరూ ఏదీ కనిపెట్టలేరని శాఖలో పేరు.

"ఏమంటారు సార్?"

"తొందరెందుకు?"

"మూడు ఊళ్ళలో పదకొండు కాటాలు మూయించి వచ్చారటగా. పన్నెండోది నాదే అనుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ రాళ్ళు ఒక్కొక్కటే దింపసాగాడు. నిజానికి అతను వింటున్నది యజమాని మాటలు కాదు, అతని దవడ చప్పుడు. టీ తాగేశాక ఇప్పుడేదో నములుతున్నాడు. మూడు నెలల ఈ పథ్యంలో ఇన్‌స్పెక్టర్‌ని ఆకలికన్నా ఎక్కువగా తింటున్నది, తినేవాళ్ళను చూడటం. ఊరూరా లాడ్జి గదులు, ఉడకబెట్టిన గుడ్లు, కీరా ముక్కలు. లిఫ్టు ఉన్నా మెట్లే. బస్సులో పక్కసీటువాడు పొట్లం విప్పితే వాడి చేతిమీద కొట్టాలనిపించేది. అంత ద్వేషం తనలో ఎన్నాళ్ళ నుంచి ఉందో అతనికే తెలియదు. ఇన్నేళ్ళూ దాన్ని తిండి కింద పూడ్చి పెట్టాడేమో.

ఫోన్ మోగింది. భార్య.

"నాలుగింటికి ఇక్కడి స్కూలుకి బదిలీ కాగితం మీద సంతకం పెడుతున్నాను. చెప్పలేదనకండి."

"ఇంకా మూడు కాలేదు."

"పది రోజుల కింద తొంభై రెండున్నర కిలోలున్నారు. ఈ పది రోజుల్లో ఎన్ని ప్లేట్లు ఖాళీ చేశారు?"

"ఒక్కటి కూడా లేదు."

"ఇరవై ఏళ్ళుగా ఇదే మాట. గుండె డాక్టరు ముందు కూడా ఇదే మాట. మీ ముద్రను నమ్ముతాను గానీ మీ నోటిని నమ్మనని మా అన్నయ్య ఇంటికి వచ్చేటప్పుడే చెప్పాను. మీరు ముద్ర వేసిన కాటా, దానిమీద తొంభై లోపు అంకె. రెండూ ఒకే ఫోటోలో కనపడాలి. లేదంటే ఈ ఊళ్ళోనే ఉండిపోతాను. మా స్కూలువాళ్ళకీ అదే కావాలి."

వెనకనుంచి ఆమె అన్నయ్య గొంతు వినిపించింది: "బావగారు బస్తాల మధ్య ఉన్నారా? వాటితో పాటే తూచేయమను!"

ఎవరో నవ్వారు. ఆమె కాదు. ఆమె నవ్వి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

ఫోన్ జేబులో పెట్టుకునేసరికి గేటు దగ్గర పొద్దుటినుంచీ కూర్చున్న ఆడమనిషి లేచి లోపలికి వచ్చింది. వీధులు తిరిగి కాగితాలు ఏరి ఇక్కడ అమ్ముకునే మనిషి. ఈ కాటా మీద అర్జీ పెట్టింది ఆమే.

"తేలిందా సారూ? నా బస్తా ఇక్కడికొస్తే చిక్కిపోతోంది. దీని కడుపులో ఏముందో చూశారా?"

"బయటికి నడువు!" యజమాని అరిచాడు. "తడి కాగితం తెచ్చి పొడి కాగితం అంటుంది. దీని నోటికి తాళం లేదు సార్."

"నా నోటికి తాళం ఎందుకు? నీ కాటాకి వేయించుకో."

"ఇద్దరూ నోరు మూయండి!" ఇన్‌స్పెక్టర్ గొంతు గోదాం రేకులను తాకింది. "ప్రతివాళ్ళకీ తమ బరువు మీద ఒక భ్రమ. నువ్వు గేటు బయట ఉండు. పిలిచినప్పుడు రా."

ఆమె గొణుక్కుంటూ వెళ్ళింది. ఇన్‌స్పెక్టర్ బూట్లు విప్పాడు. బెల్టు తీశాడు. తాళంచేతులు, పర్సు, పుస్తకం స్టూలు మీద పెట్టి కాటా ఎక్కాడు. కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచాడు. ఎనభై తొమ్మిది పాయింట్ ఆరు.

దిగాడు. మళ్ళీ ఎక్కాడు. అదే అంకె.

టైము చూసుకున్నాడు. తర్వాత దిగి, సంచీలోంచి తీగ, సీసం బిళ్ళ, ముద్ర పటకారు తీశాడు. తీగను కాటా పెట్టె చెవుల్లో దూర్చి, బిళ్ళ తొడిగి, పటకారుతో గట్టిగా నొక్కాడు. సీసం మీద శాఖ ముద్ర లోతుగా పడింది. యజమాని వంగి ఆ బిళ్ళను కళ్ళార్పకుండా చూశాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ బల్ల ఎక్కి, వంగి, ముద్రా అంకె రెండూ కనపడేలా ఫోటో తీసి పంపాడు. మూడుంబావు.

గేటు దగ్గరి మనిషిని పిలిచి, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు: "కాటా సరిగ్గానే ఉంది."

ఆమె సీసం బిళ్ళను వేలితో తడిమింది. "డబ్బు ముట్టని మనిషి వస్తున్నాడంటేనే అర్జీ పెట్టాను సారూ. మీరే సరిగ్గా ఉందంటే ఇంక నా లెక్కే తప్పేమో."

"విన్నావుగా?" యజమాని వెంటనే అందుకున్నాడు. "ఇంకోసారి నోరెత్తితే నీ బస్తా గడప దాటనివ్వను!"

ఆమె ఖాళీ బస్తా మడిచి చంకలో పెట్టుకుని, ఎవరినీ తిట్టకుండా వెళ్ళిపోయింది.

ఫోన్ చిన్నగా మోగింది. భార్య మెసేజ్: "ముద్ర చూశాను. కాగితం చింపేశాను. రేపు పొద్దున బయల్దేరుతున్నాను."

అతను రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత పుస్తకం తెరిచి, ఇందాక రాసుకున్న పేజీని చింపి, నాలుగు మడతలు పెట్టాడు.

వంద కిలోల రాళ్ళకు ఆ కాటా చూపించింది తొంభై ఏడున్నర.