ఎనిమిదో పాట

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు బాబూ. ఆ పాటల్లో ఏముందో అది చెప్పు, చాలు. పద, బండి బయటే ఉంది."

లిఫ్టు మెకానిక్ రికార్డింగ్ గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన కూతురి స్కూటర్ వంతెన మీద దొరికి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల గడ్డం ఆయన మొహాన అలాగే ఉంది. కూతుర్ని ఇంట్లోనూ ఇక్కడా అందరూ పిచ్చుక అనే పిలిచేవాళ్ళు. తనే రాసుకుని తనే పాడిన ఎనిమిది పాటల ఆల్బమ్ బయటికొచ్చి మూడు వారాలైంది.

సౌండ్ ఇంజినీరు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నాడు. "నేనొచ్చి ఏం చెప్పను బాబాయ్? అవి పాటలు. సాక్ష్యం కాదు."

"ఇన్‌స్పెక్టరూ అదే అన్నాడు. 'పాటలకి అర్థాలు నాకు తెలీవు పెద్దాయనా, చేసినవాణ్ణి తీసుకురా, వింటాను' అన్నాడు. పన్నెండింటికి స్టేషన్‌కి రమ్మన్నాడు. ఆ పడవలన్నీ దాన్ని వెతుకుతూ నదిలో దండగ్గా తిరుగుతున్నాయి. అది నీళ్ళలో లేదు. ఎక్కడో ఏదో ఊళ్ళో ఉంది. మనుషుల్ని అటు పంపమను. నువ్వు చెప్తే పంపుతాడు."

"నా మాట వింటాడా?"

"నా మాట మాత్రం వినట్లేదుగా! పాటలు అర్థం చేసుకోవడం నీ ఒక్కడికే వచ్చనుకున్నావా? ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాను. ఏది ఎక్కుతోందో ఏది దిగుతోందో చెవితో చెప్తాను."

చొక్కా జేబులోంచి అట్టకార్డుల కట్ట తీశాడు. లిఫ్టు సర్వీసింగ్ కార్డులు. వాటి వెనక పెన్సిల్‌తో సన్నగా రాసుకున్నాడు, పాటకో కార్డు. మిక్సింగ్ బోర్డు మీద వరసగా పరిచాడు. ఇంజినీరు మీటల్ని కదలకుండా చేత్తో కాచుకున్నాడు తప్ప వద్దనలేదు.

"ఎనిమిదీ కలిపి ఒకే అమ్మాయి కథ. అవునా?"

"అవును."

"ఒకటో పాట 'వంతెన'. ఒక్కతే నిలబడి నీళ్ళకేసి చూస్తోంది. ఇంక నడవలేనంటుంది. రెండోదాంట్లో ఆఫీసు, ఎవరూ పలకరించరు. మూడోదాంట్లో అద్దెగది. నాలుగోదాంట్లో ఒక స్నేహితురాలు దొరుకుతుంది. అక్కణ్ణుంచి చూడు, పాటపాటకీ తేటపడుతూ వస్తుంది. ఎనిమిదో పాట 'తలుపు'. 'తలుపు తీయి నాన్నా, తడిసి వచ్చాను.' అంటే ఏంటి? వంతెన దిగింది. మెల్లమెల్లగా ఇంటికొచ్చేసింది. ఇంతకంటే ఎవరైనా విప్పి చెప్తారా?"

ఇంజినీరు కార్డుల వంకే చూస్తున్నాడు. "ఆరో పాటలో రెండు జడలు ఎందుకేసుకుంది బాబాయ్?"

"మనసు తేలికపడింది. చిన్నపిల్లైపోయింది. కష్టం దిగిపోతే ఎవరైనా అంతేగా."

"ఏడో పాటలో సైకిల్ సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేదెవరు?"

"నేనే! ఇంకెవరు? వదిలేశానని తెలిసి వెనక్కి తిరిగి చూసి గోడకి గుద్దింది, మొద్దు మొహం. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు..."

మాట అక్కడ ఆగింది.

"ఎనిమిదో పాటలో తడిసొచ్చింది ఏ రోజు?"

"వాన... బళ్ళో చేరిన మొదటి రోజు..."

ఇంజినీరు కంప్యూటర్ తెరని ఆయన వైపు తిప్పాడు. "పిచ్చుక రాసిన వరసలోనే పాడేది బాబాయ్. ఒకటి పూర్తవకుండా రెండోది ముట్టుకునేది కాదు."

తెర మీద పాడిన వరసలో ఎనిమిది ఫైళ్ళు. అన్నిటికంటే పైన 'ఒకటి, తలుపు'. దాని కింద సైకిల్. దాని కింద రెండు జడలు. ఆయన వేలు ఒక్కో పేరు మీదా ఆగుతూ కిందికి దిగింది. అద్దెగది. ఆఫీసు. ఆఖరి పేరు దగ్గరకొచ్చేసరికి వేలు దానంతటదే వెనక్కి ముడుచుకుంది.

ఆయన ఫోన్ తీసి నొక్కాడు. "సార్, నేను. పాటలు చేసినతను రావట్లేదు సార్. లేదు, అక్కర్లేదు. పడవల్ని మాత్రం ఆపకండి."

కార్డులు ఏరుకోబోయాడు. రెండు కింద పడ్డాయి. వంగి తియ్యలేదు.

"వరస మార్చిందెవరు?" అన్నాడు. "మీ కంపెనీవాళ్ళా? ఏడుపుతో ముగిస్తే ఎవరూ కొనరనా?"

ఇంజినీరు వంగి ఆ రెండు కార్డులూ తీసి బోర్డు మీద పెట్టాడు.

"నిజం వరసలో పెట్టుంటే మొదటి రోజే నాకు తెలిసిపోయేది కదరా! పన్నెండు రోజులు నా ఎదురుగా తిరిగింది. ఎదురుగా కూచుని అన్నం తింది. ఆ పాటలు వింటూ దాన్నే చూసి మురిసిపోయాను కదరా నేను! చెయ్యి పట్టుకుని కూచోబెట్టేవాణ్ణి. గదికి తాళమేసైనా ఉంచేవాణ్ణి."

"కంపెనీ కాదు బాబాయ్."

"మరి నువ్వా?" ఆయన చెయ్యి ఇంజినీరు కాలర్ మీద పడింది. "చెప్పు! ఎవరు మార్చమన్నారు?"

ఇంజినీరు ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"పిచ్చుకే. 'నాన్న వీటిని రోజూ వింటాడు అన్నయ్యా, ఆఖరున నేను ఇంటికొచ్చినట్టు పెట్టు' అంది."