ఇసుకలో దాచిన గుల్ల

సముద్రపు ఒడ్డున కొన్ని పీతలు ఖాళీ గుల్లల్లో కాపురముండేవి. ఒళ్లు పెరిగేకొద్దీ ఇల్లు ఇరుకయ్యేది. ముసలి పీత పైడమ్మ అందరినీ కూడగట్టి, పెద్ద నుంచి చిన్న దాకా వరసగా నిలబెట్టింది.

"ఒక్క పెద్ద గుల్ల దొరికితే చాలర్రా. ముందున్నవాడు అందులోకి మారితే, వాడిది వెనకవాడికి. అలా అందరికీ ఇళ్లొస్తాయి."

"ఇల్లు అందరిదీ!" అని వరసలో మొదట నిలబడ్డ నూకరాజు గొంతు చించుకున్నాడు. అలాంటి గుల్లనొకదాన్ని, రేపు ఒళ్లు ఇంకా పెరిగాక తనకే పనికొస్తుందని, ఇసుకలో పూడ్చిపెట్టుకున్నది అతనే.

ఎండ ముదిరింది. వరస కదల్లేదు. చివర, సీసా మూతలో సగం ఒళ్లు దూర్చుకున్న చిట్టి అంది: "నూకరాజు బాబాయ్ మన వైపున్నాడుగా, నాకేం భయం లేదు."

నూకరాజుకు తల కొట్టేసినట్టయింది. చాటుగా వెళ్లి గుల్ల తవ్వి తెచ్చి, "ఇప్పుడే అల తెచ్చి పడేసింది" అన్నాడు.

పీతలన్నీ కేరింతలు కొట్టాయి. పైడమ్మ గుల్లను వంచింది. పొడి ఇసుక బొలబొలా రాలింది. చుక్క తడి లేదు.

"దూరు నాయనా, మొదటివాడివి నువ్వేగా," అంది, అంతే.

వరస కదిలింది. చిట్టికీ ఇల్లొచ్చింది. అంత పెద్ద గుల్లలో నూకరాజుకు మాత్రం మొహం దాచుకునే చోటు దొరకలేదు.