చెరో చెయ్యి

"పది నిమిషాలే. అంతకు మించితే మన ముగ్గురి కొంపా మునుగుతుంది" అంటూ డ్రైవర్ నామ్ వ్యాను ఆపాడు.

కోర్టు నుంచి జైలుకి తిరుగు ప్రయాణం. దారిలో ఎక్కడా ఆగకూడదు, బేడీ విప్పకూడదు. మొదటి రూలు కనుమ దిగగానే, ముసలివాళ్ల ఆస్పత్రి ముందు, గాలికి పోయింది. రెండోది మాత్రం అలాగే ఉంది. వెనక సీట్లో ఇద్దరు, ఒకే బేడీకి చెరో చెయ్యి.

తేగ్యు తల మీద జైలు శాఖ టోపీ. భుజాల మీద వెండి బొత్తాల నీలం కోటు. బేడీతో చేతులు దూర్చడం కుదరక ఊరికే కప్పుకున్నాడు. మాన్‌హో ఒంటి మీద మోచేతుల దగ్గర పలచబడిన స్వెటరు.

మాన్‌హోకి మోకాళ్లు సలుపుతున్నాయి. సగం జీవితం జైలు గోడల మధ్యే అయిపోయింది. ఈ వ్యాన్లు, ఈ కుదుపులు, ఈ ఇనుప వాసన అంటేనే విసుగొచ్చేసింది. ఇంత చోటు చూసుకుని కాళ్లు చాపుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపిస్తోంది.

"దిగండి బాబూ, పెళ్లినడకలు నడవకండి" అని సణిగాడు నామ్.

బేడీ మీద తువ్వాలు కప్పుకుని ఇద్దరూ మెట్లెక్కారు. తేగ్యు గుసగుసగా అన్నాడు. "కొడుక్కి జైల్లో ఆఫీసరు ఉద్యోగమని వార్డంతా చాటింపు వేసిందట మా అమ్మ. ఈ వారం గడిస్తే గొప్పే అన్నాడు డాక్టరు. ఆవిడ ముందు మాత్రం నా పరువు తియ్యొద్దు."

"నేను నోరు తెరిస్తే కదా" అన్నాడు మాన్‌హో.

ముసలావిడ మంచం మీద పిట్టలా ముడుచుకుని ఉంది. కళ్లకు శుక్లాలు. ముందు కొడుకు మొహం తడిమింది. తర్వాత టోపీ, దాని మీది బిళ్ల, కోటు బొత్తాలు.

"ఎంత బాగుందిరా నాన్నా! బొత్తాలు పెట్టుకోవేం? జలుబు చేస్తుంది."

చెయ్యి ఇంకాస్త కిందికి జారింది. తువ్వాలు తొలగింది. ఆవిడ వేళ్లు టక్కున ఆగిపోయాయి.

"ఇదేంట్రా, నీ చేతికి ఇనుము?"

మాన్‌హో గబుక్కున అందుకున్నాడు. "ఆ బేడీ నాకమ్మా. నేను పారిపోకుండా ఆఫీసరుగారు రెండోవైపు తన చేతికి తగిలించుకున్నారు."

"ఓహో, డ్యూటీలో ఉన్నావన్నమాట!" ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "ఏం చేశాడ్రా ఇతను?"

తేగ్యు టోపీ కిందికి లాక్కున్నాడు. "తాగి లారీ నడిపాడమ్మా. పెద్దాయనొకరు పోయారు. పాపం, ఏ తప్పూ లేని మనిషి..." ముక్కు ఎగబీల్చాడు.

"అదిగో, ఖైదీల పాపానికి కూడా వీడే ఏడుస్తాడు. చిన్నప్పట్నుంచీ అంతే, మెత్తటి మనసు." ఆవిడ మాన్‌హో వైపు తిరిగింది. "ఏమయ్యా, బుద్ధుందా నీకు? ఒక ప్రాణం పొట్టన పెట్టుకున్నావే! మీ అమ్మ తలెత్తుకుని ఎలా తిరుగుతుందనుకున్నావు?"

"అమ్మ పోయిందమ్మా. నేను జైల్లో ఉండగానే. కబురు మర్నాడు అందింది." మాన్‌హో తువ్వాలు మళ్లీ బేడీ మీదికి లాగాడు.

ముసలావిడ కోపం చప్పున చల్లారింది. "అయితే విడుదలైన రోజు నీకు టోఫు ఎవరు పెడతారు? గేటు దాటగానే ఆ తెల్లటి సోయా జున్ను తినాలి. తినకపోతే మళ్లీ అక్కడికే చేరతారు."

"పెట్టేవాళ్లెవరూ లేరమ్మా."

ఆవిడ పక్కనున్న పళ్లెం తడిమి, మధ్యాహ్నం తినకుండా వదిలేసిన టోఫు ముక్క తీసింది. "ఇదిగో. అప్పటికి నేనుంటానో లేదో. ఇప్పుడే తిను. వాడి చెయ్యి విప్పరా నాన్నా, స్థిమితంగా తింటాడు."

తేగ్యు మొహం పాలిపోయింది. "కుదరదమ్మా."

"ఇంత ఆఫీసరువి, ఆమాత్రం చెయ్యలేవూ?"

"ఒంటిచేత్తో అలవాటేనమ్మా, దారిలో తింటాను" అన్నాడు మాన్‌హో. ఆ ముక్కని కాగితం గ్లాసులో వేసి జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"మా వాణ్ణి సతాయించకు. మంచివాడు."

"సతాయించనమ్మా."

కింద నామ్ హారను మీద హారను కొడుతున్నాడు. తేగ్యు నేల మీద మోకరిల్లి, నుదురు ఆన్చి తల్లికి నమస్కరించాడు. ఒకే బేడీ కాబట్టి, మోకాళ్లు మొర్రోమంటున్నా మాన్‌హో కూడా వంగాడు. లేవడానికే ఇద్దరికీ చాలాసేపు పట్టింది.

"ఇంకో వార్డు కూడా చూసి రాకపోయారా! ఎక్కండి ముందు" అని కసిరాడు నామ్. వాళ్ల మొహాలు చూశాక తనే దిగి తలుపు తీశాడు.

వ్యాను తలుపు పడ్డాక మాన్‌హో తేగ్యు తల మీది తన టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుని, ఖైదీకి సీటు బెల్టు బిగించి, ఆ టోఫు ముక్క అతని చేతిలో పెట్టాడు.